చివరి బల్ల మీద కిట్టు

గుణదలలో మా పాలిటెక్నిక్ మైక్రోప్రాసెసర్ ల్యాబంటే పిల్లలకి హడల్. ముఖ్యంగా చివరి బల్ల. అక్కడున్న, మీటలు నొక్కి ప్రోగ్రాములు ఎక్కించే పాత 8085 ప్రాసెసర్ కిట్టు ఉన్నట్టుండి కీచుమని అరుస్తుందిట. పోయిన జాన్సన్ మాస్టారు దాన్ని ఇంకా వదల్లేదని చెప్పుకునేవాళ్ళు. పరీక్షప్పుడు చీటీలో ఆ బల్ల వచ్చిందా, ఏ మతంవాడైనా సరే మేరీమాతకి కొవ్వొత్తి మొక్కేసుకునేవాడు!

నేను పక్క ల్యాబ్‌లో పాఠాలు చెబుతాను. ఇదంతా మా ఫిర్దౌస్ చెప్పింది, అదీ తలెత్తకుండా. ఆ ల్యాబ్ పాఠాలు దానివే.

మొన్నటి ప్రాక్టికల్స్‌లో ఆ బల్ల నతానియేలుకి వచ్చింది. వాడు ప్రోగ్రామ్ ఎక్కించి నడిపాడు... కిట్టు అరిచింది. వాడు పాలిపోయి, గబుక్కున స్విచ్చి ఆపేసి, బయటికి నడిచాడు. వేరే కాలేజీనుంచి వచ్చిన ఎగ్జామినర్ నవ్వాడు. ఫిర్దౌస్‌కి ఒళ్ళు మండింది. అందరిముందూ వాణ్ణి పిరికిపంద అంది, సున్నా వేస్తానంది. ఈ ప్రాక్టికల్ పోతే వాడికి ఏడాది పోయినట్టే.

సాయంత్రం అందరూ వెళ్ళాక... ఆ దెయ్యం సంగతేదో తేల్చుకుందామని ఒక్కతే కూర్చుంది. బయట వాన. ఒక్క ట్యూబులైటే వెలుగుతోంది. ఏటా క్లాసులో చెప్పే ప్రోగ్రామే ఎక్కించి, నడిపింది.

కీ...చ్—

ఎర్రటి అక్షరాలు వెలిగాయి. E-n-d అని.

స్విచ్చి మీదికి చెయ్యి వెళ్ళిందిట. అయినా మెమరీ తెరిచి చూసింది.

ప్రోగ్రామ్ చివర RST 5 అని ఉండాలి. 'నా పనైంది, ఇక నువ్వు చూసుకో' అని కిట్టుకి అప్పగించే ఆజ్ఞ అది. అది రాయకపోతే ప్రాసెసర్ ఆగదు, ఖాళీ మెమరీలోకి పరిగెడుతుంది. అక్కడన్నీ FFలే. FF అంటే దానికి RST 7, ఇంకోచోటికి పిలిచే ఆజ్ఞ. సరిగ్గా ఆ చోట మాస్టారు చిన్న కోడ్ పెట్టిపోయారు— బజర్ మోగించు, E-n-d చూపించు. ముగింపు మర్చిపోయినవాళ్ళని హెచ్చరించడానికి, అంతే.

మిగతా కిట్లలో ఈ కోడ్ లేదు గనక అవి నోరెత్తవు. రీసెట్ నొక్కి ఊరుకుంటాం.

తను ఎక్కించినదాన్ని మళ్ళీ చూసుకుంది. చివర RST 5 లేదు. ఇన్నేళ్ళుగా బోర్డు మీదా లేదు. నతానియేలు రాసింది దాన్నే, పొల్లు పోకుండా. సిగ్గుతో చచ్చిపోయానే అంది నాతో.

మర్నాడు వాణ్ణి పిలిచి, తప్పు తనదేనంది. మార్కులింకా పంపలేదు, మళ్ళీ చేయిస్తానంది. దెయ్యమని అంత భయపడ్డావా అని అడిగింది.

వాడు నేల చూస్తూ, మెల్లగా...

"లేదండి. E-n-d చూడగానే, మీరు చెప్పినదాంట్లో ముగింపు లేదని తెలిసిందండి. ఆ బయటి కాలేజీ సార్ ముందు చెబితే... మీకు మాటొస్తుందని వెళ్ళిపోయానండి."

దీనికంటే దెయ్యమే నయం కదే అంటుంది ఫిర్దౌస్, ఇప్పటికీ.