గాలిగది

షించు నగరంలోని మా చిప్ ఫ్యాక్టరీలో పసుపు దీపాల గది ఒకటుంది. మా అక్క సూయున్ ఒకప్పుడు అక్కడ చిప్‌ల పెట్టెలను తోపుడుబండి మీద యంత్రం నుంచి యంత్రానికి చేరవేసేది. తర్వాత ఆ పని పైకప్పు పట్టాల మీద తిరిగే బండ్లకు అప్పగించి, అక్కను వాటికి కాపలా పెట్టారు. పోయిన చలికాలం అక్కడే, మూలనున్న యంత్రం పక్కన, ఐదో నెల కడుపుతో ఉండగా గుండె ఆగి పడిపోయింది.

అప్పటినుంచి ప్రతి బండీ సరిగ్గా ఆ చోట ఆగుతోంది. కాసేపు అలుపు తీర్చుకున్నట్టుండి మళ్లీ కదులుతోంది.

"ఈ సాయంత్రం నుంచి లోపలికి మనుషులు పోవడం ఉండదు. దీపాలు కూడా తీసేస్తారు," అన్నాడు మా సూపర్‌వైజర్ ల్యావ్. గొంతు తగ్గించాడు. "మీ అక్కని ఇంటికి తీసుకుపోమ్మా. క్యాంటీన్‌కి కూడా ఒక్కతే వెళ్లేది కాదు. ఆ చీకట్లో ఎట్లా ఉంటుంది?"

మా ఆచారంలో, పోయినవాళ్లను పడిన చోటే పిలవాలి. ఇల్లు చేరేదాకా ప్రతి మలుపూ, ప్రతి గుమ్మం చెబుతూ నడవాలి. చెప్పకపోతే అక్కడే చిక్కుకుపోతారు. అగరొత్తి వెలిగించే వీల్లేని గది అది. తల నుంచి పాదాల దాకా తెల్లటి ముసుగు తొడుక్కుని వట్టి చేతులతో వెళ్లాను.

"అక్కా, ఇంటికి పోదాం రా."

పైన బండ్లన్నీ ఆగిపోయాయి. ఏ వాసనా చొరబడని ఆ గదిలో పుదీనా తైలం వాసన... అక్క మోకాళ్లకు రాసుకునేది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"అక్కా, ఎడమకి తిరుగుతున్నాం."

వెనక కాలీడుస్తున్న చప్పుడు...

"అక్కా, గాలిగదిలోకి వస్తున్నాం."

ఒంటి మీద దుమ్ము ఊదేసే ఇరుకు గది అది. బయటికి అదొక్కటే దారి. వెనక తలుపు మూసుకుంది. గాలి హోరెత్తింది. అప్పుడు మెడ మీద చల్లటి ఊపిరి... ముసుగు లోపల.

ముందు తలుపు తెరుచుకోగానే ప్రాణభయంతో బయటికి పరుగెత్తాను.

తలుపు మూసుకున్నాక గుర్తొచ్చింది. ఆ గుమ్మం అక్కకి చెప్పలేదు.

కార్డు పెట్టాను. తెరుచుకోలేదు. "అందరి కార్డులూ రద్దయ్యాయమ్మా. యంత్రమే చేసేసింది, నా చేతుల్లో లేదు," అన్నాడు ల్యావ్.

ఇప్పుడు బండ్లు ఆగడం లేదట. కానీ మనిషి అడుగు పెడితేనే వీచే గాలి, ఖాళీ గదిలో రోజూ హోరెత్తుతోంది. నేను బయట నిలబడి చెబుతూనే ఉన్నాను. "అక్కా, గుమ్మం ఇటు... నన్ను క్షమించు."

నిన్న తలుపు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టింది. అందులో అక్క అరచెయ్యి.

దాని పక్కనే ఇంకో చెయ్యి, చాలా చిన్నది.