మొదటి మాతే చేదు

"డెల్ఫీనాయే," అంటూ సీక్రెట్ సర్వీస్ చీఫ్ నెలీదా ఫోటోను బల్ల మీద పడేసింది. "నీ డెల్ఫీనాయే, రామిరో."

ఏజెంట్ రామిరో ఫోటోను చేతిలోకి తీసుకున్నాడు. మూడేళ్ళుగా ఫెర్మీన్ అనే దొంగపేరుతో, కెమెరా మెకానిక్ వేషంలో, కోర్దోబా అంతరిక్ష కేంద్రంలో దూరిన విదేశీ ముఠా మనిషి కోసం వెతుకుతున్నాడు. ఆ మనిషి చేతి మాతే, అదే ఆ ఆకు టీ, రోజూ తాగుతూనే ఉన్నాడు! ఛీ, ఏం బతుకు!

కేంద్రం చంద్రుడి దగ్గరికి పంపిన కలాంద్రియా నౌకను భూమ్మీంచి ఎవరూ నడపరు. చంద్రుడి మీది గోతులను కెమెరాతో చూసి, తనలోని మ్యాప్‌తో పోల్చుకుని అదే దారి పట్టుకుంటుంది. అడ్డొచ్చేవాటినీ అదే గుర్తుపడుతుంది.

"చంద్రుడి వెనక ఆ ముఠా దాచుకున్న నౌక ఒకటుంది. అది మన కలాంద్రియా కంట పడకూడదు," అంది నెలీదా. "అందుకే మ్యాప్‌లు చేసే డెల్ఫీనా అందులో ఒక గొయ్యిని పక్కకు జరిపింది. పాత కాపీలన్నీ చెరిపేసింది. మధ్యాహ్నం నౌక చంద్రుడి వెనక్కి పోతుంది, ఇక మన కబురు దానికి అందదు. ఆలోగా ఏ గొయ్యో కనుక్కో. లేకపోతే నౌక కొండకు గుద్దుకుంటుంది."

డెల్ఫీనా కేంద్రం వరండాలో నవ్వుతూ ఎదురొచ్చింది.

"రావోయ్ మెకానిక్కూ! కునుకు మానేసి వచ్చావేంటి?"

రామిరో తన ఫ్లాస్కు బల్ల మీద పెట్టాడు. దాని మూతలో రేడియో ఉంది. ఆమె సొరబుర్రలో ఆకు వేసి వేడినీళ్ళు పోసింది. మొదటి మాతే మహా చేదు. దాన్ని ఎదుటివాళ్ళకు ఇవ్వరు, పోసినవాళ్ళే తాగేస్తారు. ఇక్కడ పుట్టినవాళ్ళకు అది ఆలోచించి చేసే పని కాదు. డెల్ఫీనా గొట్టం నోట పెట్టుకుని పీల్చేసింది. రెండోది పోయబోయి ఆగిపోయింది.

"నా మతి మండ!" నవ్వబోయింది. "ఆకులో నిద్రమందు కలిపా. నీకోసం."

"ఎవరిచ్చారు?"

"వాళ్ళే. సాయంత్రం దాకా నువ్వు లేవకపోతే నా తమ్ముణ్ణి వదిలేస్తామన్నారు."

ఆమె పెదాలు నీలమవుతున్నాయి. అది నిద్రమందు కాదని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. రామిరో ఆమెను ఒళ్ళోకి లాక్కుని ఫ్లాస్కు మూతలోకి అరిచాడు. "డాక్టర్ని పంపండి! తొందరగా!"

"ముందు గొయ్యి సంగతి అడగవేం, ఏజెంటు గారూ?"

"నీకు తెలుసా?"

"మూడేళ్ళలో ఒక్క కెమెరా అయినా బాగుచేశావా నువ్వు?"

అతనికి ఏడుపు ఆగలేదు.

"జరిపింది ఫెర్మీన్ గొయ్యి. దానికి నీ పేరు పెట్టుకున్నాగా," అంది ఆయాసపడుతూ. "అసలు పేరైనా చెప్పవోయ్."

"రామిరో."

"ఇదే బావుంది," అంది. కళ్ళు మూసుకుంది.

"ఫెర్మీన్ గొయ్యి. మ్యాప్‌లోంచి తీసెయ్యండి," అన్నాడు రామిరో ఫ్లాస్కు మూతలోకి.

"పంపాం. అందిందో లేదో..." రేడియోలో నెలీదా మాట పూర్తికాకముందే నౌక చంద్రుడి వెనక్కి వెళ్ళిపోయింది.

డాక్టరు వచ్చి తల అడ్డంగా ఊపాడు. రామిరో ఆమె చెయ్యి వదల్లేదు. చాలాసేపటికి రేడియో పలికింది.

"కబురు అందింది, నౌక బయటికొచ్చింది! కొండను చూసి తనంతట తనే తప్పుకుంది. వాళ్ళ నౌకను ఫోటో కూడా తీసింది. నీకు పతకం ఖాయం బాబూ!"

"ఆమె తమ్ముడు?"

"దొరికాడు. క్షేమమే."

మర్నాడు రామిరో ఒక్కడే ఆ వరండాలో కూర్చుని ఆకు వేసి, నీళ్ళు పోశాడు. మొదటిది తను తాగాడు. రెండోది పోసి ఎదుటి కుర్చీ వైపు చెయ్యి చాపాడు.

ఏం చేస్తాం, అలవాటు.