ఇనుము గోలీ, ఇసికెలి టీ

"నా టీ తాగి అలా మొహం పెడితే ఎలా? బస్టాండంతా చూస్తోంది. బేరం పోతుంది నాకు!"

ఇసికెలి అరుపుకి, టీకొట్టు బల్ల దగ్గర నిలబడ్డ పిల్ల తలెత్తింది. మంచి పొడగరి. చేతిలో గొడుగున్నా సగం తడిసింది. ఆ దీవుల దేశపు రాజధాని సువాలో వాన గొడుగు మాట ఎప్పుడు విన్నది గనక!

"ఈ మొహం నీ టీకి కాదు, ఈ మందు గోలీకి. ఇనుము గోలీ. తుప్పుపట్టిన మేకు నాకినట్టుంటుంది. ఆపైన నీ టీ తాగితే ఆ మేకు కడిగిన నీళ్ళు తాగినట్టుంది."

"ఏ దీవమ్మా నీది? ఇంత నోరేంటి?"

చెప్పింది. ఇసికెలి మొహం చాటంతయింది. ఆమె దీవికీ అతని దీవికీ తాతల నాటి నుంచీ వేళాకోళం వరస. బావామరదళ్ళ సరసంలాంటిదే అనుకోండి. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. చేతిలోది లాక్కుని తిన్నా అడగకూడదు. అన్న మాటకి అంతకు రెండింతలు అనకపోతే పరువు తక్కువ.

"అదీ సంగతి! మీ దీవిలో టీ అంటే వేడినీళ్ళకి ఆకు దూరం నుంచి చూపిస్తారటగా. చిక్కటి టీ నీకేం తెలుస్తుంది!"

"మీ దీవిలో మిమ్మల్ని చూసే పీతలు అడ్డంగా నడవడం నేర్చుకున్నాయట. నువ్వు నాకు చెప్పొచ్చావు!" అని, అతను తినబోతున్న కొబ్బరిపాల బన్ను లాక్కుని, కొరుక్కుంటూ బస్సెక్కి వెళ్ళిపోయింది.

బన్నుతోపాటు మనసూ పోయింది ఇసికెలికి. ఆ సంగతి మాత్రం కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆమె పేరు ఉనైసి. చెప్పుల షాపులో పని. సాయంత్రాలు నెట్‌బాల్. ఆట మధ్యలో కళ్ళు తిరిగితే పరీక్ష చేశారు. ఒంట్లో ఇనుము తక్కువైందన్నారు. మళ్ళీ పరీక్షలో పెరిగితేనే పోటీలకి సమోవా వెళ్ళే జట్టులో చోటని కోచ్ ఖచ్చితంగా చెప్పేసింది.

"ఇన్నేళ్ళూ బెంచీ మీదే కూర్చున్నాను. ఇప్పుడు చోటొచ్చింది. నా రక్తమే నన్ను మళ్ళీ బెంచీ ఎక్కిస్తే చచ్చిపోతాను ఇసికెలీ," అంది ఒకరోజు. ఆ ఒక్కమాటలో వేళాకోళం లేదు.

అంతే, ఇసికెలి నడుం కట్టాడు. చిక్కటి టీ తాగితే రక్తం పడుతుందని చిన్నప్పుడెవరో అన్న గుర్తు. ఆమె టీలో ఆకు రెట్టింపు చేశాడు. రెండో కప్పు ఊరికే ఇచ్చాడు. అక్కడితో ఆగితే ఇసికెలి ఎందుకవుతాడు? ఫార్మసీకి వెళ్ళి ఓ పేద్ద విటమిన్ల సీసా కొనుక్కొచ్చాడు.

"ఇదేంటి?"

"ఎ నుంచి జెడ్ దాకా అన్నీ ఉన్నాయట. షాపులో ఇదే పెద్ద సీసా."

"పెద్దదని కొన్నావా?"

"మరి? చిన్నదాంట్లో ఏం పడతాయి?"

ఉనైసి పడీపడీ నవ్వి, ఆ గోలీ కూడా ఇనుము గోలీతో కలిపి టీతో మింగింది.

ఒకనాటి పొద్దున, ఉనైసికి పరీక్ష చేసిన నర్సు మెరెసేని టీకి వచ్చింది. ఉనైసి గోలీలు మింగి బస్సు వెంట పరుగెత్తడం కళ్ళారా చూసింది.

"ఆ పిల్ల రోజూ నీ టీతోనే మింగుతుందా?"

"రోజూ! రెండు కప్పులు!" ఇసికెలి ఛాతీ విరుచుకున్నాడు.

"ఓరి నీ ప్రేమ తగలెయ్య! టీలో వగరు ఇనుముని పట్టేసుకుంటుందిరా. ఒంటికి అందేది బాగా తగ్గిపోతుంది. బల్ల మీది ఆ పెద్ద సీసాలో కాల్షియం ఉంది, అదీ అడ్డే. ఆ పిల్లకి తక్కువని తేలింది ఇనుమొక్కటే. మిగతా అక్షరాలన్నీ ఎందుకు? దాంట్లోనూ ఇనుముంటే, రెండూ కలిసి మోతాదు మించినా చేటే. నారింజరసంతో వేసుకోమను. టీ కావాలంటే ఓ రెండు గంటలాగి తాగమను."

"మీరే చెప్పండి సిస్టర్!"

"దీవుల్లో టీకాలెయ్యడానికి వెళ్తున్నా, ఓడ ఈలేస్తోంది. నువ్వే చెప్పు. నోరుందిగా!"

నోరుంది. అదే వచ్చిన చిక్కు.

మర్నాడు పొద్దున్నే చెప్పాడు. "ఉనైసీ, నా టీతో గోలీ వేసుకోకు. మందు పట్టదు."

ఉనైసి ఒక్క క్షణం చూసి, బల్ల పట్టుకుని నవ్వింది. "ఇన్నాళ్ళకి నీ టీ విషమని ఒప్పుకున్నావన్నమాట!"

"నిజంగా! దేవుడి మీద ఒట్టు!"

"మొన్న మా షాపు తగలబడుతోందని కూడా దేవుడి మీదే ఒట్టేశావు. చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాను."

నాన్నా పులి కథైంది ఇసికెలి పని. కప్పు ఇవ్వనని వెనక్కి లాక్కున్నాడు. వేళాకోళం వరసలో దాచుకోవడమంటే లాక్కోమనడమే! ఉనైసి కప్పు గుంజుకుని, గోలీ వేసుకుని, గటగటా తాగేసింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"నువ్వంటే ప్రేమ కాబట్టి చెబుతున్నానే, పిచ్చిదానా!" అనేశాడు ఇసికెలి ఏడుపుగొంతుతో.

"ఇది మరీ బాగుంది! రేపు దీనికి రెండింతలు తెస్తా చూడు!" అంటూ ఆమె బస్సెక్కేసింది.

నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా! రెండు నిజాలు చెబితే రెండూ వేళాకోళం కింద పోయాయి. అక్కడ పరీక్ష దగ్గర పడుతోంది. ఆ దేశంలో వేళాకోళం అడుగుపెట్టని చోటు ఒక్కటే ఉంది. పెద్దల ముందు పరిచిన చాప.

శనివారం ఇస్త్రీ చేసిన సులు లుంగీ కట్టుకుని, పెద్దలకి కానుకగా ఇచ్చే యంగోనా మొక్క వేళ్ళ కట్ట పట్టుకుని ఇసికెలి ఉనైసి ఇంటికి వెళ్ళాడు. గుమ్మం పక్కన చాప మీద బాసింపట్టు వేసి, కట్ట ముందు పెట్టి, అరచేతులు గుల్లగా కలిపి చప్పట్లు చరిచి, తల దించుకున్నాడు. ఉనైసి పెదనాన్న తైతుసి మొహం గంటు పెట్టుకున్నాడు. కుర్రాడు ఇలా తల దించుకుని వేళ్ళు తెచ్చాడంటే సాధారణంగా ఒకటే అర్థం, పిల్లతో తప్పు చేసి మన్నించమంటున్నాడని.

వంటింట్లోంచి పెద్దమ్మ కేక. "ఓరి దేవుడో! ఏం చేశాడే వీడు నిన్ను?"

"ఏం చెయ్యలేదు పెద్దమ్మా! టీ పోశాడు!" అంది చాప చివర కూర్చున్న ఉనైసి.

"టీ పోసి?"

"నువ్వుండవే," అన్నాడు తైతుసి. "చెప్పు అబ్బాయ్."

"పెద్దలు మన్నించాలి. మీ పిల్లకి కీడు చేశాను. గోలీ వేళకి టీ పోశాను. చిక్కటి టీ. అవసరం లేని విటమిన్లూ తెచ్చిచ్చాను. తెలియక చేశాను. తెలిశాక చెబితే నమ్మలేదు. మీ ముందు చెబితే నమ్ముతుందని వచ్చాను." నర్సు చెప్పినదంతా పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

ఒక్కరూ నవ్వలేదు. ఉనైసి మొహం పాలిపోయింది. "అయితే ఆ రోజు నువ్వన్నది నిజమా?"

"నిజమే."

"గోలీ సంగతా?"

"అదీ." ఇసికెలి తల ఇంకా కిందికి పోయింది. "ఆ రెండోదీ."

తైతుసి కట్ట మీద చెయ్యి వేశాడు. "పుచ్చుకున్నాను. తప్పు తీరిపోయింది. ఆ రెండోదేమిటో గానీ, దానికి వేళ్ళు చాలవు. తిమింగలం పన్ను తెచ్చి పిల్లనడగాలి."

వంటింట్లో పెద్దమ్మ కిసుక్కుమంది. ఉనైసి మాత్రం లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఆమె కొట్టుకి రాలేదు. కోచ్‌ని బతిమాలి పరీక్ష వెనక్కి జరిపించుకుందని మాత్రం తెలిసింది. ఇసికెలి టీలో పంచదారకి బదులు ఉప్పేసి తిట్లు తిన్నాడు.

వారాలు గడిచాక ఒక సాయంత్రం, జోరున వానలో, పొడుగాటి గొడుగొకటి కొట్టు ముందు ఆగింది.

"పెరిగింది," అంది ఉనైసి. "జట్టులో పేరొచ్చింది."

ఇసికెలికి కళ్ళు చెమర్చాయి. "మరి ఇన్నాళ్ళూ రాలేదేం?"

"వస్తే టీ తాగకుండా ఉండలేనని. ఇంట్లో నారింజరసం తాగుతూ కూర్చుంటే తెలిసింది, నేను ఉండలేనిది టీ లేకుండా కాదని. ఇసికెలీ, నువ్వంటే నాకిష్టం."

ఇసికెలి అనుమానంగా చూశాడు. "రెండింతలు తెస్తానన్నావే, అదేనా ఇది?"

ఉనైసి గొడుగు పక్కన పడేసింది. తడి నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చుంది. అరచేతులు గుల్లగా కలిపి చప్పట్లు చరిచింది. బస్టాండు గప్‌చుప్పయింది. డ్రైవరొకడు పాట ఆపేశాడు.

"నువ్వంటే నాకిష్టం," అంది మళ్ళీ.

ఇసికెలి బల్ల దాటొచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు. "లే, తడిసిపోతున్నావు."

"ముందు జవాబు చెప్పు."

"ఏం చెప్పను? మీ పెదనాన్న అన్న రోజే, ఆ తిమింగలం పన్ను తీసుకుని రమ్మని మా అమ్మకి కబురు పెట్టాను. రేపటి ఓడలో దిగుతోంది."