సమ్మవ్వ అర్రలోకి ఎవరు వెళ్లారు?

మెసేజ్ వచ్చేసరికి సుజాత చేతులు సబ్బు నురగలో ఉన్నాయి.

ఫోన్ తడవకుండా చిటికెన వేలితో నొక్కి చూసింది. రుద్రూర్ వ్యవసాయ పరిశోధన కేంద్రం. ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగం. రేపు సాయంత్రంలోపు వచ్చి చేరాలి.

మళ్లీ చదివింది. తర్వాత అమ్మ గదిలోకి పరుగెత్తి, ఆమె బుగ్గకు ఇంత నురగ అంటించి నవ్వింది.

సమ్మవ్వ మూతి ఎడమవైపు మాత్రమే నవ్వింది. పక్షవాతంతో కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. ఏది అడిగినా తల ఊపుతుంది, అంతే. ఆమె మంచాన పడిన నాటి నుంచి సుజాత గడప దాటేది మందుల షాపు దాకానే.

ఉద్యోగంలో చేరాలంటే అమ్మను చూసుకునే మనిషి కావాలి. ఇవాళే కావాలి.

ముందే అడిగి పెట్టుకున్న రెండు నంబర్లకు ఫోన్ చేసింది. ఇద్దరూ మధ్యాహ్నం వస్తామన్నారు.

మూడున్నరకు బాన్సువాడ పోలీస్ స్టేషన్‌లో ఫోన్ మోగింది.

"నేను నగేశ్‌ను. మా అత్త సమ్మవ్వ మెడల బంగారు గుండ్లపేరు పోయింది. పనికొచ్చిన ఇద్దరు ఆడోళ్లను ముందటర్రల వెట్టి గొళ్ళెం వేసిన. జల్ది రండ్రి."

ఎస్.ఐ. స్పందన అప్పుడే తన ఫోన్‌లో ఒక గిన్నె ఫోటో చూస్తోంది. పెళ్లయి నెల కాలేదు. భర్త జీవితంలో మొదటిసారి పాలు తోడు వేశాడు. పెరుగు గట్టిగా వచ్చిందని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పంపాడు. నవ్వు ఆపుకుంటూ టోపీ పెట్టుకుంది. కానిస్టేబుల్ వెంకట్రాములు జీపు స్టార్ట్ చేశాడు.

ఇంటి ముందు జనం గుమిగూడారు.

ముందుగదికి బయట గొళ్ళెం. స్పందన తీయగానే వేడి గాలి మొహానికి కొట్టింది. కరెంటు లేదు. ఉన్న ఒక్క కిటికీ మూసి ఉంది. జమునాబాయి మూలన కూర్చుని కొంగుతో విసురుకుంటోంది. బషీరున్నిసా తలుపు దగ్గరే నిలబడి ఉంది. కొట్టీ కొట్టీ అరచేయి ఎర్రబడింది.

"గాలికి కూసోబెట్టి అడుగు బేటీ," అంది. "పారిపోతే అప్పుడు దొంగను అను."

స్పందన ఇద్దరినీ వరండాలో కూర్చోబెట్టింది. తానే సోదా చేసింది. సంచులు, కొంగు ముడులు, బురఖా. ఏమీ దొరకలేదు.

సుజాత జరిగింది చెప్పింది. ఇద్దరూ రాగానే ముందు చాలా ప్రశ్నలు అడిగింది. తర్వాత అమ్మ దగ్గర పని చేసి చూపించమంది. జమునాబాయి చెయ్యి తిరిగిన మనిషే. సమ్మవ్వను అలవోకగా ఒత్తిగిల్లేలా తిప్పింది. కానీ తిప్పుతున్నంతసేపూ చెవి దగ్గర ఫోన్, మరాఠీలో ముచ్చట్లు. బషీరున్నిసా అలా కాదు. ముట్టుకునే ముందు సమ్మవ్వను అడిగింది. ఆమె మింగేదాకా ఆగి మరో చెంచా జావ పోసింది. సుజాత మనసులో అప్పుడే ఎంపిక అయిపోయింది.

బంగారు గుండ్లను దారానికి గుచ్చిన గుండ్లపేరు అప్పటికి సమ్మవ్వ మెడలోనే ఉంది.

తర్వాత ముగ్గురూ ముందుగదిలో కూర్చుని చాయ్ తాగారు. మధ్యలో ఇద్దరూ చెరోసారి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లారు. సమ్మవ్వ గది తలుపు పెరటివైపే. పెరట్లోకి వెనక సందులోంచి కూడా దారి ఉంది.

"మీరు మళ్ల లోపలికి పోయినప్పుడు అమ్మ ఎట్లున్నది?" స్పందన అడిగింది.

"కొంగు నెత్తి మీది నుంచి కండ్ల దాక గుంజుకొని ఉన్నది మేడమ్. తీద్దామంటే పట్టు ఇడువలే. తీసి చూస్తే మెడ బోసిగున్నది."

"అప్పుడు నగేశ్ ఎక్కడున్నడు?"

"విత్తనాల షాపుల. నేను ఫోన్ చేసినంకనే వచ్చిండు."

నగేశ్ అడగకముందే అందుకున్నాడు.

"నేను అల్లున్ని మేడమ్. అత్త పండుకునే అర్రల నేను అడుగు వెట్ట. గల్లీల ఎవర్నన్న అడుగుండ్రి. వీళ్ల మీద కేసు రాయండ్రి. ఇగ పరాయోళ్లను ఇంట్లకు రానియ్య. సుజాత ఇంట్లనే ఉంటది."

సుజాత చేతిలో ఫోన్ ఉంది. దాన్ని బోర్లించి పట్టుకుంది.

స్పందన, వెంకట్రాములు సమ్మవ్వ గదిలోకి వెళ్లారు.

ముసలామె వెల్లకిలా పడుకుని ఉంది. కొంగు భుజం మీదికి జారింది. వెంకట్రాములు మంచం కింద, పరుపు పక్కన వెతికాడు. ఆమె మొహానికి జానెడు దూరంలో వంగి మరీ చూశాడు. సమ్మవ్వ అతని మీసాల వైపు ఓసారి చూసి కళ్లు తిప్పుకుంది.

"జమునాబాయి తీసిందా అవ్వా?"

తల ఊపింది.

"బషీరున్నిసా తీసిందా?"

తల ఊపింది.

"నేను తీసిన్నా?"

దానికీ ఊపింది. వెంకట్రాములు నవ్వు ఆపుకున్నాడు.

స్పందన లేచింది. అప్పుడే పెరట్లోంచి నగేశ్ గొంతు వినిపించింది.

"ఏమన్న దొరికిందా మేడమ్?"

గడప మీద అతని నీడ పడింది.

సమ్మవ్వ ఎడమ చెయ్యి కదిలింది. వణుకుతూ భుజం దాకా వెళ్లి, కొంగు అందుకుని, నెత్తి మీదుగా కళ్ల దాకా లాగింది.

స్పందన ఉన్నచోటే ఆగిపోయింది.

అయిదు నిమిషాల్లో అందరూ వరండాలో ఉన్నారు.

"వెంకట్రాములు మొగమనిషే," స్పందన మొదలుపెట్టింది. "అంత దగ్గరికి పోయినా అవ్వ కొంగు ముట్టలే. అవ్వ ఎవరి ముందు కొంగు కప్పుకుంటది సుజాతా?"

"అల్లుని ముందట. ఇంకెవ్వరికి కప్పుకోదు." మాట పూర్తవకముందే సుజాత భర్త వైపు తిరిగింది.

"నేను గడప కాడికి వచ్చిన, కప్పుకున్నది," నగేశ్ అన్నాడు. "అండ్ల ఏమున్నది?"

"ఇప్పుడు వచ్చినవు. సరే. సుజాత నీకు ఫోన్ చేయకముందే కొంగు నెత్తి మీద ఎట్లున్నది? అప్పుడు ఇంట్ల ఉన్నోళ్లంతా ఆడోళ్లే. ఏ అల్లుడు వచ్చి పోయిండు?"

నగేశ్ చూపు వాకిట్లో ఉన్న తన బండి వైపు పోయింది.

"నువ్వు మెడ మీద చెయ్యి వేసి దారం విప్పుతుంటే ఆమె అరవలేకపోయింది. కానీ నీకు ఇచ్చే మర్యాద మాత్రం మరువలే."

నగేశ్ మెల్లగా వెళ్లి బండి సీటు తీశాడు. జేబురుమాలు మూట తెచ్చి స్పందన చేతిలో పెట్టాడు. గుండ్లు గలగలమన్నాయి.

"అమ్ముకుందామని కాదు మేడమ్. రెండు దినాలకు దొరికిందని ఇద్దామనుకున్న. పరాయోళ్లంటే భయమైతే సుజాత తానే ఉంటదనుకున్న. షాపు నుంచి వచ్చేసరికి ఆమె లేకుంటే నాకు ఎట్లనో ఉంటది."

"నాకు ఎట్లున్నదో ఒక్కనాడన్న అడిగినవా బావా?" సుజాత గొంతు పెరగలేదు. "గీ ఇద్దరు గంటసేపు గొళ్ళెం వెనుక ఉన్నరు. నేను అమ్మ పడ్డకాడి నుంచి ఉన్న."

ఆమె బషీరున్నిసా ముందుకు వచ్చి కూర్చుంది. రేపు వస్తావా అని అడిగింది. బషీరున్నిసా వాకిట్లోని జనాన్ని చూసింది.

"అవ్వను చూసుకోనీకె నాకు ఫికర్ లేదు బేటీ. కానీ వాకిట్ల గింతమంది నన్ను దొంగ లెక్క చూసిండ్రు. మళ్ల ఎవరన్న ఇంట్లకు రానిస్తరా?"

"నన్నేమో 'ఏం దొంగిలించినవ్' అని మా గల్లీ మొత్తం అడుగుతది," జమునాబాయి అంది.

స్పందన నగేశ్ వైపు చూసింది.

"రేపు పొద్దున ఏడింటికి ముందు బషీరున్నిసా గల్లీకి పోతవు. తర్వాత జమునాబాయి గల్లీకి. అందరు వినేటట్లు, తీసింది నువ్వే అని చెప్తవు. వెంకట్రాములు నీ పక్కనే ఉంటడు. అక్కడి నుంచి స్టేషన్‌కు వచ్చి స్టేట్‌మెంట్ ఇస్తవు."

"గట్లయితే ఎనిమిదింటికి నేనిక్కడుంట," అంది బషీరున్నిసా. "జావ నేనే కాస్త."

నగేశ్ తల ఎత్తి భార్య వైపు చూశాడు.

"నువ్వు గూడ నా ఎంబడి వస్తవా?"

"రాను," అంది సుజాత. "నేను రేపు రుద్రూర్ పోతున్న."