కొర్నీలియా కంచె పక్కన నల్లపువ్వు

కొర్నీలియా కంచె దగ్గర మా ఊళ్లో ఎవరూ అబద్ధమాడరు. చీకటి పడ్డాక ఆ మలుపులో పెద్దవాళ్లు అసలు నోరే విప్పరు. పిల్లలైతే అక్కడికొచ్చేసరికి, ఎవరి సంచిలోంచి ఎవరు మిఠాయి కొట్టేశారో అడక్కుండానే ఒప్పేసుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుతారు... నవ్వనీ. ఓరిన్ కూడా ఒకప్పుడు కొర్నీలియాని చూసి నవ్వినవాడే.

జరిగింది చెబుతాను. కొంత నేను కళ్లారా చూసింది, కొంత ఓరిన్ పెళ్లాం గ్రెటా నా వంటింట్లో కూర్చుని, కాఫీ చల్లారబెట్టుకుంటూ చెప్పింది.

కొర్నీలియా మా ఎదురింటిది. మొగుడూ పిల్లలూ లేరు, ఉన్నదల్లా ఆ తోట. ఏళ్ల తరబడి విత్తనాలు కట్టి, మొలకలు పీకి పారేసి, మళ్లీ విత్తి, చివరికి ఒక నల్ల డాలియా పూయించింది. బొగ్గు నలుపు... నడిమధ్య ఒక్క ఎర్ర చుక్క. వెర్మాంట్ చలికి నేలలో వదిలేస్తే దుంప కుళ్లిపోతుంది కదా, మొదటి మంచు పడగానే తవ్వి, ఇసుకలో పెట్టి నేలమాళిగలో దాచింది.

ఆ చలికాలం ఒక దుంప కనబడకుండా పోయింది.

మరుసటేడు జిల్లా సంతలో పువ్వుల బల్ల మీద అదే నలుపు, అదే ఎర్ర చుక్క. కింద అట్టముక్క మీద పేరు — "ఓరిన్ నలుపు". ఆమె పక్కింటి ఓరిన్ టార్‌బాక్స్ బల్ల వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అది నాది," అంది కొర్నీలియా.

"అలాగా? ఏదీ చూడనీ..." వాడు వంగి, పువ్వుని అటూ ఇటూ తిప్పాడు. "పువ్వు మీద నీ పేరు రాసి లేదే!"

హాలంతా ఘొల్లుమంది. అప్పట్నించీ కొర్నీలియా అంటే ఊళ్లో పిచ్చి ముసలమ్మ. నాకు కడుపు మండిపోయేది. తను మాత్రం ఒక్క మాటే అనేది — "నా పువ్వు నా పేరు మీద ఉండాలి మడ్జ్. చచ్చినా సరే, ఉండాలి."

పోయిన వేసవి చివర్లో తను కన్నుమూసింది. అట్టముక్క మీద పేరు మారనే లేదు.

సమాధి మీద మట్టి ఇంకా ఆరక ముందే ఓరిన్, బోస్టన్‌లో ఉన్న ఆమె మేనల్లుడికి ఫోన్ చేసి తోట వాడుకుంటానని అడిగాడు. ఆ అబ్బాయికి తోటెక్కడుందో కూడా గుర్తు లేదు, సరేనన్నాడు. మా ఊళ్లో అక్టోబర్ చివర దెయ్యాల తోటల పోటీ ఉంటుంది, ఎవరి తోట ఎక్కువ భయపెడితే వాళ్లదే బహుమతి. ఆ మలుపులో తోటంటే దారిన పోయేవాళ్లందరికీ కనబడుతుంది మరి.

వాడి పనితనం కాదనను. ఎండుకొమ్మలకి నల్లరంగు కొట్టి పాతాడు. తుప్పుపట్టిన ఇనుప గేటు ఒంకరగా నిలబెట్టాడు. వంగపండు రంగు క్యాబేజీలు, పిట్టలు నీళ్లు తాగే రాతి తొట్టి నిండా నాచు, రాత్రిళ్లు చలికి ఇంట్లోకి మోసుకెళ్లి కాపాడుకున్న నల్ల డాలియాల కుండీలు వరసగా. తన కిటికీకి ఎదురుగా ఉన్న మడి ఖాళీగా కనబడితే, దాని మీద నల్లటి చెక్కపొట్టు పరిచి, థర్మోకోల్ అట్టతో చేసిన సమాధిరాళ్లు గుచ్చాడు.

ఆ రాళ్ల మీద నవ్వులాట పేర్లు రాయడం మా దగ్గర మామూలే. ఊళ్లో నిజంగా పోయినవాళ్ల పేరు మాత్రం ఎవరూ రాయరు. ఎవరూ చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. ఓరిన్ రాశాడు.

"ఇక్కడ కొర్నీలియా. పువ్వు తనదేనంటూ పోయింది."

"ఏమయ్యా ఓరిన్, సిగ్గనిపించడం లేదూ?" అన్నాను కంచె అవతలి నుంచి.

"సరదాకి మడ్జ్! ఆవిడేమైనా లేచొచ్చి తిడుతుందా?"

పోటీకి ముందు రోజు సాయంత్రం... వాడు లాంతర్లు వేలాడదీస్తుంటే ఆ రాతి కింద పొట్టులోంచి తెల్లగా ఏదో పొడుచుకొచ్చింది. ఆకు లేదు. రెమ్మ లేదు. వేలి కొసలా... పాలిపోయి.

పీకి పారేశాడు. పక్కన ఇంకోటి. అదీ పీకాడు.

తెల్లారి చూస్తే, పీకినచోటే మళ్లీ మొలిచాయి — ఒకటికి రెండు.

"పీకకు ఓరిన్," అంది గ్రెటా, గొంతు తగ్గించి. "నాకెందుకో... అవి లోపల్నించి ఎవరో చెయ్యి చాస్తున్నట్టున్నాయి."

"నోర్ముయ్," అన్నాడట. కానీ మళ్లీ ముట్టుకోలేదట. భయమేసిందని ఒప్పుకోడు కదా, రాయిని కాస్త ముందుకి జరిపి కప్పెట్టాడు.

పొద్దు వాలేవేళ ఊరంతా కంచె దగ్గర చేరింది. గుమ్మడికాయల్లో దీపాలు వెలిగాయి. ఏటి వైపు నుంచి మంచు పాకుతోంది. తీర్పరి మా ఊరి లైబ్రరీ నడిపే హారియెట్. మెచ్చుకుంటూ, లాంతరు పైకెత్తి ఒక్కొక్కటే చూసుకుంటూ ఆ మడి దగ్గరికొచ్చి... ఆగిపోయింది.

పూలన్నీ విచ్చుకున్నాయి. నల్లటి పొట్టు మీద తెల్లగా, వరసలు వరసలుగా.

హారియెట్ పెదవులు కదిలాయి. చదువుతోంది.

"దొంగ..."

లాంతరు ఇంకాస్త కిందికి దిగింది. రెండో వరస.

"...ఓరిన్."

వాడు గేటు తోసుకుని మడిలో మోకాళ్ల మీద పడ్డాడు. రెండు చేతులా పీకడం మొదలెట్టాడు. తగిలి సమాధిరాయి ఒరిగి, సరిగ్గా వాడి వీపు మీద పడింది. ఉత్త థర్మోకోల్ అట్ట... బరువే లేదు. అయినా వాడు నేలకి అతుక్కుపోయి అరిచాడు —

"నేనే! నేనే తీశాను! మాళిగకి తాళం వెయ్యలేదు... నీదే, పువ్వు నీదే... వదులు కొర్నీలియా, వదులు!"

జాలి వేసిందా అంటారా? లేదు. చల్లగా ఉంది నా ప్రాణానికి. హారియెట్ అక్కడికక్కడే కుండీల మీది అట్టముక్కలన్నీ తీసి, వెనక్కి తిప్పి, కొర్నీలియా పేరు రాసింది. ఇప్పుడు సంతలోనూ ఆ పేరే.

దెయ్యం రాసిందని ఊరంతా అనుకుంటారు. నేను ఇప్పటిదాకా కాదనలేదు, ఔననలేదు. "దొంగ" అన్న రాతలో దెయ్యమేం లేదు. ఆకు లేకుండా శరత్కాలంలో పూసే దుంప ఒకటుంది — మా ఊళ్లో దాన్ని బట్టల్లేని పిల్ల అంటారు. వేసవి చివర్లో పాతితే, పూసేదాకా కింద ఏదో ఉందన్న సంగతే తెలీదు. ఒకటి పీకితే ఇంకోటి పూస్తుంది. పోయే ముందు వారం, ఓపిక లేకపోయినా, కొర్నీలియా నన్ను పిలిచింది. వరస తిన్నగా రావడానికి తాడు పట్టుకున్నది నేనే. అక్షరం అక్షరం పాతింది తను.

మా చర్చి పాస్టరుగారిని అడిగాను, ఉడతలు దుంపల్ని అటూ ఇటూ మార్చి ఉంటాయన్నారు. ఆ దుంప విషం. ఉడత వాసన కూడా చూడదు.

ఎందుకు అడిగానంటే... మేం పాతింది మొదటి వరసే. "దొంగ" అన్న మాటకే దుంపల సంచి ఖాళీ అయిపోయింది.

"మరి వాడి పేరు పెట్టవా?" అన్నాను, చేతులు దులుపుకుంటూ.

"పేరు సంగతి తర్వాత నేను చూసుకుంటాలే," అంది.