కరాసూ అన్న మాట

సైరా టీచర్ రాజధాని బిష్కెక్ వచ్చిన రోజు డిటెక్టివ్ బూరుల్ ఆఫీసులో హీటర్ పనిచేయడం లేదు. అయినా సైరా చలి సంగతే పట్టించుకోకుండా, అసిస్టెంటు ఉలన్ చూపిన కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టింది.

"దొంగ పరిశోధన పెట్టానంటున్నారక్కా," అంది సైరా. "ఉద్యోగం పోతే పోనీ, ఊరికి మంచినీళ్ల గొట్టం రాదే."

ఆవిడ ఊరు కెర్మెసాయ్, మూతపడ్డ గని కింద ఉంది. అక్కడి ఏటి నీళ్లు తాగి పిల్లలకు చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. ఆవిడ కూతురు బేగాయిమ్‌కీ అదే జబ్బు. గొట్టం వేయించమని ఒక విదేశీ సంస్థకు ప్రతిపాదన రాస్తే, వాదన బాగుంది గానీ ఆధారం చాలదని తిప్పి పంపారు. జబ్బు ఆ నీళ్ల వల్లేనని ఊరి నర్సు మైరమ్ చెప్పిన మాట వాళ్లకు సరిపోలేదు. రెండోసారి సైరా, మైరమ్, పట్నంలో పుట్టి పెరిగిన మరిది కుబాత్ కలిసి కాగితాలు పోగేశారు. వాటిలో ఒక పరిశోధన పత్రం మొదటినుంచి చివరిదాకా కల్పితమని తేలింది. చేర్చింది నేనని ఎవరూ ఒప్పుకోవడం లేదు.

బూరుల్ ఆ కల్పిత పత్రం చదివి ఒక వాక్యం దగ్గర ఆగింది. 'మేం తాగేది కరాసూ అని ముసలివాళ్లు ఏడ్చారు.'

"నల్లనీళ్లు! గుండె కరిగేలా రాశాడక్కా," అన్నాడు ఉలన్.

"నువ్వూ పట్నంలో పుట్టినవాడివేగా," అని నవ్వింది బూరుల్. "ఏ ఆధారాన్నైనా నేను ముందు ఒకటే అడుగుతాను. రాసినవాడు ఆ ఊరి నీళ్లు తాగి పెరిగాడా అని." తర్వాత సైరా వైపు తిరిగి, "దొంగ దొరికినా నీకు గొట్టం వస్తుందని మాత్రం చెప్పలేనమ్మా," అంది.

ఆ వారంలోనే సైరా ఇంట్లో అందరూ కూర్చున్నారు. సంస్థ తరఫున ఎర్మెక్ వచ్చాడు. సైరా అందరికీ టీ పోసింది.

"మైరమ్ అక్కా, మీ ఊళ్లో కరాసూ ఉందా?" అంది బూరుల్.

"ఉంటే ఈ గోలంతా ఎందుకు తల్లీ? మా అమ్మమ్మ కాలంలో ఉండేదట. గని తవ్వాక ఎండిపోయింది."

"నువ్వు చెప్పు కుబాత్, కరాసూ అంటే ఏమిటి?"

"నల్లనీళ్లు. అంటే, మురికివి."

మైరమ్ నోరు తెరుచుకుని అతనివంక చూసింది. బూరుల్ నిదానంగా విడమరిచి చెప్పింది. కరా అంటే నలుపే, సూ అంటే నీళ్లే. కానీ ఊరివాళ్ల నోట కరాసూ అంటే నేలలోంచి ఊరే తేటనీరు. ఈ ఊళ్లో పెరిగిన ఇద్దరు ఆడవాళ్లూ కలలో కూడా ఆ వాక్యం రాయరు. మిగిలింది పట్నం మరిది ఒక్కడే.

కుబాత్ తల వంచుకున్నాడు. "పిల్ల నోట్లో రక్తం చూశాను వదినా. పేరున్న పరిశోధన కావాలన్నారు. ఈ ఊరికొచ్చి పరిశోధన చేసినవాడెవడు? అందుకే నేనే రాశాను."

ఆ కేసు తేలినందుకు ఉలన్‌కి ఏ మాత్రం సంతోషం కలగలేదు.

"టీచర్‌గారి మీద ఆరోపణ తీసేస్తాం," అన్నాడు ఎర్మెక్. "ఈ ఊరి దరఖాస్తు మాత్రం ఇక చూడం."

"మైరమ్ చెప్పింది నిజమే కదా?" అంది బూరుల్.

"అయ్యుండొచ్చు. అబద్ధం పక్కన కూర్చున్నాక ఎవరు నమ్ముతారు? ఇక్కడి నీళ్లు చెడ్డవని నమ్మదగ్గ ఆధారం నా దగ్గర లేదు."

అని సంచిలోంచి సీసా తీసి నీళ్లు తాగాడు. ముందున్న టీ పోసింది పోసినట్టే ఉంది.

"చల్లారిపోతోంది సార్," అంది సైరా, ఆ సీసానే చూస్తూ.

"దారిలో తాగొచ్చాను లెండి," అని ఆయన లేచాడు.

కారు వెళ్లిపోయాక లోపలి గదిలోంచి బేగాయిమ్ వచ్చింది. దాహంగా ఉందంటూ ఎర్మెక్ వదిలేసిన కప్పు అందుకుంది. ఆ ఇంట్లో తాగడానికైనా టీకైనా ఏటి నీళ్లు తప్ప వేరేవి లేవు కాబట్టి ఎవరూ వద్దనలేదు.