మేడంగారి గొంతు

"నావల్ల కాదు ఛాయా... ఇక నావల్ల కాదు!"

శ్రీదుర్గ నోటినుంచి ఆ మాట వచ్చేసరికి హాల్లో అందరూ ఆమె వైపు తిరిగారు. ముప్ఫై ఏళ్ళలో తోడికోడలికి ఆమె కాదని చెప్పడం అదే మొదటిసారి! స్వీటు పంచుతున్న భర్త రామకోటేశ్వరరావు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

మరి ఆ సంతోషం చిన్నదా? కాలేజీలో పాఠాలు చెబుతూ, సింగ్‌నగర్‌లో సాయంత్రం బడి నడుపుతూ, బుడమేరు వాగు పొంగి వరదొచ్చినప్పుడు పడవల్లో అన్నం పొట్లాలు పంచిన ఛాయాదేవిని ప్రభుత్వం ఆఫ్రికాలో ఒక చిన్న దేశానికి రాయబారిగా పంపుతోంది! ఇంటి కోడలు దేశం తరఫున మాట్లాడబోతోంది! పదిహేను రోజుల్లో ప్రయాణం. "బడీ, వాలంటీర్లూ... ఎప్పట్లాగే నువ్వే చూసుకోవాలక్కా" అంది ఛాయాదేవి, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా.

"ఎల్లుండి నా మోకాలి ఆపరేషన్. గుర్తుందా నీకు?"

"ఆ రోజే కదే ఛాయకి సన్మానం! మళ్ళీ వాయిదా వేయించుకోరాదూ?" అన్నాడు రామకోటేశ్వరరావు.

"మూడుసార్లు వేయించానండీ! ఓసారి బడి వార్షికోత్సవం, ఓసారి సెమినారు, ఓసారి వరద... అలిసిపోయానండీ, నేనూ మనిషినే!" గోడ పట్టుకుని, కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

క్లాసులో ఉండగా ఫోను తియ్యడం కుదరదని, ఇరవై ఏళ్ళ క్రితం ఛాయాదేవి బడి కరపత్రాల మీద తన పేరు వేయించి, కింద అక్క నంబరు వేయించింది. అప్పట్నుంచీ పిల్లాడి టీసీ రాలేదన్నా, మొగుడు తాగి కొట్టాడన్నా ఆ ఫోనే మోగేది. "ఛాయాదేవి మేడంగారేనా అమ్మా?" అని అడిగినవాళ్ళకి మొదట్లో కాదనే చెప్పేది శ్రీదుర్గ. వినకుండానే ఏడుపు మొదలుపెడితే ఏం చేస్తుంది? "ఆఁ, చెప్పమ్మా" అనేసేది. అన్నీ చీటీ మీద రాసి భోజనాల దగ్గర తోడికోడలికి అందించేది. పేరంటానికెళ్ళినా చేతిలో ఫోనే! సొమ్మొకడిది సోకొకడిది అని ఎప్పుడైనా అనుకుందా అంటే, అనుకోవడానికి ఆమెకి తీరిక ఉంటేగా పాపం!

ఆపరేషనయ్యాక మత్తు వదిలి కళ్ళు తెరిచేసరికి, మంచం పక్కన ఛాయాదేవి ఉంది. పట్టుచీర లేదు, తల కూడా సరిగ్గా దువ్వుకోలేదు.

"సన్మానం...?"

"వద్దన్నానక్కా. బడి మన వాలంటీరు లాజరు చూసుకుంటాడు. నువ్వు పడుకో."

అంతలో దిండు పక్కన ఫోను మోగింది. అలవాటు కొద్దీ శ్రీదుర్గ చెయ్యి లేవబోయింది. ఛాయాదేవి ముందే అందుకుంది.

"సింగ్‌నగర్ జమాల్ బీనమ్మా. మేడంగారికివ్వండి" అంటున్న గొంతు మంచం దాకా వినిపించింది.

"నేనేనమ్మా, ఛాయాదేవిని."

"మీరు కాదు! మేడంగారి గొంతు నాకు తెలీదా? వరదలో మూడు రోజులు డాబా మీద ఆ గొంతు వినే కదమ్మా బతికాను! 'భయపడకు జమాల్ బీ, గంటకోసారి ఫోను చెయ్యి, నేనెత్తుతాను' అనేవారు. ఎత్తేవారు కూడా! దేశం దాటి వెళ్ళిపోతున్నారంట... ఒక్కసారి వినిపించండమ్మా, పుణ్యముంటుంది!"

ఛాయాదేవి అక్క వైపు తిరిగింది. ఆ మూడు రోజుల గురించి ఎన్ని సభల్లో చెప్పింది తను! ఎన్ని చప్పట్లు అందుకుంది! ఫోను గుండెలకి ఆనించుకుని బావురుమంది.

"ఎప్పుడూ చెప్పలేదేం అక్కా?"

"నువ్వడగలేదుగా" అంది శ్రీదుర్గ. ఆ మాటలో కోపం లేదు, అలసటే ఉంది.

ఛాయాదేవి కళ్ళు తుడుచుకుని ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"మేడంగారికి ఆపరేషనైందమ్మా... లేవలేరు. నేను వాళ్ళ చెల్లెల్ని. నాతో చెప్పండి."

శ్రీదుర్గ కళ్ళు మూసుకుంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి, ఫోను మోగినా తను లేవనక్కర్లేకపోయింది.